పాపకు ఆకలి లేదా, ఆకలి వేసే వీలే లేదా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది తెనాలి. అత్తయ్య గారు, మామయ్య గారు మాతోనే ఉంటారు. మా పాపకు పోయిన నెల నాలుగేళ్లు నిండాయి. ఎల్‌కేజీకి వెళ్తోంది. బరువు 14 కిలోలు, ఎత్తు 99 సెంటీమీటర్లు. మూడో పుట్టినరోజుకి 12 కిలోల పైన ఉంది. అన్నం అంటే చాలు, మూతి తిప్పేస్తుంది. ఫోన్‌లో వీడియోలు పెట్టి గంటసేపు కూర్చుంటే నాలుగు ముద్దలు దిగుతాయి, అవీ బుగ్గన పెట్టుకుని కూర్చుంటుంది. అందుకని అన్నం, పప్పు మిక్సీలో వేసి మెత్తగా చేసి పెడుతున్నాను. ఏమీ తినడం లేదు కదా అని పొద్దున లేవగానే, స్కూల్ నుంచి రాగానే, చీకటి పడేముందు ఒకసారి, రాత్రి పడుకునేటప్పుడు సీసాతో ఒకసారి పాలు ఇస్తున్నాం. గేదె పాలే, పౌడరూ పంచదారా కలిపి. మధ్యమధ్యలో బిస్కెట్లు, కారప్పూస, మామయ్య గారు తెచ్చే చిప్స్. స్కూల్‌కి పంపిన బాక్స్ పంపినట్టే వెనక్కి వస్తుంది. కూరగాయ ముక్క కనబడితే ఏరి పక్కన పెడుతుంది, అచ్చం వాళ్ల నాన్నలాగే. చూసిన ప్రతివాళ్లూ 'పిల్లేంటి ఇలా చిక్కిపోయింది' అంటున్నారు. వినీ వినీ నాకు టెన్షన్ పట్టుకుంది. మా తోడికోడలు వాళ్ల బాబుకి వాడిన ఆకలి సిరప్ పాపకు కూడా వేయొచ్చా? స్కూల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేయించాలా? అత్తయ్య గారు వద్దంటున్నారు.
— ఒక తల్లి, తెనాలి

సమాధానం: ముందు తూకం సంగతి తేల్చేద్దాం. మీ ఉత్తరం అంతా ఆ భయం చుట్టూనే తిరుగుతోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల ప్రకారం నాలుగేళ్లు నిండిన ఆడపిల్లల బరువులో నడిమి అంకె 16.1 కిలోలు. నడిమి అంకె అంటే సగం మంది పిల్లలు దానికి పైన, సగం మంది దానికి కింద ఉంటారని అర్థం. అందరూ అంత ఉండి తీరాలని కాదు. ఆ వయసు ఆడపిల్ల 12.3 కిలోల కన్నా తక్కువ ఉంటేనే తక్కువ బరువు కింద లెక్క. మీ పాప 14 ఉంది. ఎత్తు కూడా మామూలు హద్దుల్లోనే ఉంది. అంతకన్నా ముఖ్యమైన మాట మీరే రాశారు: పోయిన ఏడు 12 పైన, ఈ ఏడు 14. ఈ వయసు పిల్లలు ఏడాదికి సుమారు రెండు కిలోలే పెరుగుతారు. మీ పాప తన దారిన తాను సక్రమంగా పెరుగుతోంది.

మనకు ఇది ఎందుకు కళ్లకు ఆనదంటే, మొదటి ఏడాది పెరుగుదల చూసి కళ్లు అలవాటు పడిపోతాయి. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాది తిరిగేసరికి తొమ్మిది కిలోలవుతుంది. అంటే మూడింతలు. అదే లెక్కన పోతే రెండో పుట్టినరోజుకి 27 కిలోలు ఉండాలి! అలా ఎవరూ పెరగరు కదా. పెరుగుదల నెమ్మదించినప్పుడు ఆకలి కూడా నెమ్మదిస్తుంది. 'ఏడాది పిల్లగా ఉన్నప్పుడు ఏది పెట్టినా తినేది, ఇప్పుడేమైందో' అని తల్లులు అడిగేదానికి చాలావరకు జవాబు ఇదే. పైగా ఒకరోజు చూస్తే రెండు ముద్దలతో లేచిపోయే పిల్ల మర్నాడు అడిగి మరీ పెట్టించుకుంటుంది. కాబట్టి పూటపూటకీ కాకుండా వారం మొత్తం మీద ఏం తిన్నదో చూడండి.

'చిక్కిపోయింది' అన్నవాళ్లతో వాదన పెట్టుకోకండి. ఇకనుంచి మూడు నెలలకోసారి ఒకే తూకం మీద బరువు చూసి పిల్లల కార్డులోని పెరుగుదల గీత మీద గుర్తు పెట్టించండి. మీ ఊరి అంగన్‌వాడీలో కూడా తూస్తారు. చుట్టాల కళ్లకన్నా ఆ గీత నమ్మదగింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పాప ఏమీ తినడం లేదన్నారు. నేను మీరు రాసినదాన్నే లెక్క వేశాను. 200 మిల్లీలీటర్ల గ్లాసు గేదె పాలలో 200 కేలరీల పైనే ఉంటాయి. రెండు చెంచాల పంచదార వేస్తే ఇంకో 40. పౌడర్ సంగతి సరేసరి. అలాంటివి రోజుకు నాలుగు అంటే, పాలతోనే దాదాపు వెయ్యి కేలరీలు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు సుమారు 1360 కేలరీలు కావాలంటుంది. మీ పాప బరువుకు అంతకన్నా కాస్త తక్కువే సరిపోతాయి. అంటే పొయ్యి మీద అన్నం ఉడకకముందే ఆ రోజు తిండిలో మూడింట రెండు వంతుల పైనే పాప కడుపులో పడిపోతోంది. మిగిలిన కాస్త ఖాళీని బిస్కెట్లు, కారప్పూస నింపేస్తున్నాయి. ఇక అన్నం ముందు కూర్చున్నప్పుడు మూతి తిప్పక ఏం చేస్తుంది? పాపకు ఆకలి ఉంది. అది వేసేలోపే మనం తీర్చేస్తున్నాం.

'పాలు మంచివే కదా' అంటారు. మంచివే, రోజుకు రెండు గ్లాసుల దాకా. మొత్తం 400, మహా అయితే 500 మిల్లీలీటర్లు. పెరుగు, మజ్జిగ కూడా అందులోకే వస్తాయి. అంతకు మించితే ఒక చిక్కుంది. పాలలో ఇనుము దాదాపు ఉండదు. పైగా అందులోని కాల్షియం మిగతా తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. పాలతో కడుపు నింపుకునే పిల్లలు బొద్దుగా ఉండి కూడా రక్తం తక్కువతో ఉండటం డాక్టర్లు రోజూ చూసేదే. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 63 మందికి, తెలంగాణలో 70 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. దానికి పాలొక్కటే కారణం అనను. కానీ నేను మీ స్థానంలో ఉంటే బరువు గురించి పడే దిగుల్లో సగం దీని మీద పెడతాను. ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఈ వయసులో 11 కన్నా తక్కువ ఉంటే రక్తహీనత కిందే లెక్క. రక్తం తక్కువైతే ఆకలి కూడా చచ్చిపోతుంది. పాప పచ్చి బియ్యం నమలడం, మట్టి, బలపం, గోడ సున్నం నోట్లో పెట్టుకోవడం చేస్తోందా? చేస్తుంటే తిట్టకండి, డాక్టర్‌కి చెప్పండి. అది కూడా ఇనుము లోటుకు గుర్తు కావచ్చు.

పాలు ఒక్కసారిగా ఆపొద్దు. ముందు రాత్రి సీసా. నాలుగేళ్ల పిల్లకు సీసా అవసరం లేదు, పైగా పంచదార పాలు నోట్లో ఉండగా నిద్రపోతే ముందు పళ్లు పుచ్చిపోతాయి. రాత్రి అన్నం తిన్నాక అడిగితే సగం గ్లాసు పాలు, పంచదార లేకుండా, గ్లాసుతోనే ఇచ్చి పళ్లు తోమించండి. నాలుగైదు రాత్రులు ఏడుస్తుంది. ఆ రాత్రులు మీ వారు పడుకోబెడితే ఇంకా తేలిక, సీసా అలవాటు మీ వాసనతో ముడిపడి ఉంటుంది కనుక. అది కుదురుకున్నాక చీకటి పడేముందు ఇచ్చే పాలు మానేయండి. ఆ తర్వాత పొద్దున లేవగానే ఇచ్చే పాలను టిఫిన్ తర్వాతకు జరపండి. మలబద్ధకం ఉంటే అది కూడా ఈపాటికి తగ్గడం మొదలవుతుంది. ఉత్తరంలో రాయలేదు గానీ, ఇన్ని పాలు తాగి, కూరలు తినని పిల్లకు అది ఉండే ఉంటుందని నా అనుమానం. కడుపు బిగుసుకుని ఉంటే ముద్ద ఎలా దిగుతుంది?

పౌడర్ గురించి ఒక్క మాట. డబ్బా వెనక పదార్థాల పట్టిక చదవండి. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాయాలని నియమం. పంచదార ఎన్నో వరసలో ఉందో మీరే చూడండి. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి డ్రింకులను 'హెల్త్ డ్రింక్స్' అనే విభాగంలో పెట్టి అమ్మొద్దని ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది. మాంసకృత్తుల కోసమే అనుకుంటే, ఈ వయసుకు రోజుకు 16 గ్రాములు చాలు. రెండు గ్లాసుల పాలతోనే పధ్నాలుగు గ్రాముల దాకా వస్తాయి, గుడ్డు ఒకటి తింటే ఇంకో ఆరు. పప్పు ఇంకా లెక్కలోకి రాలేదు. డబ్బా అయిపోయాక మళ్లీ కొనకండి, అంతే.

ఇక రోజును కాస్త సర్దుకుందాం. టిఫిన్, స్కూల్ స్నాక్స్, మధ్యాహ్నం బాక్స్, నాలుగింటికి చిరుతిండి, ఏడున్నరకి రాత్రి అన్నం. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య రెండున్నర నుంచి మూడున్నర గంటల ఎడం. ఆ ఎడంలో మంచినీళ్లు తప్ప ఏమీ లేదు. బిస్కెట్ ముక్క, జ్యూస్, 'పోనీలే పసిపిల్ల' అని చేతిలో పెట్టే గుప్పెడు కారప్పూస, ఏదీ లేదు. చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు, ముఖ్యంగా ఇంట్లో అయిదుగురు ఉన్నచోట. కానీ నేను రాసినవాటిలో మీరు ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి. మిగతావి సగం వాటంతట అవే కుదురుకుంటాయి.

ఫోన్ విషయానికి వస్తే, ఒకసారి పాప ముఖం దగ్గరగా గమనించండి. కళ్లు తెర మీద ఉంటాయి. మీ చెయ్యి దగ్గరకు రాగానే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ముద్ద లోపలికి పోతుంది, నోరు మూసుకుంటుంది, దవడ కదలదు. వీడియోలో బొమ్మ ఎగురుతుంటే పాప నమలడం మర్చిపోతుంది. ముద్ద బుగ్గలో అలాగే ఉంటుంది. మీరు 'నములు, మింగు' అంటారు. గడ్డం కింద వేలు పెట్టి కదుపుతారు. వీడియో అయిపోయినప్పుడు ఒక్క క్షణం ఈ లోకంలోకి వచ్చి నోట్లో ఏదో ఉందని తెలిసి ఉమ్మేస్తుంది. ఈ గంటలో పాప ఏ కూర తిన్నదో, కడుపు నిండిందో లేదో ఆమెకు తెలియదు. రుచే తెలియనప్పుడు ఇష్టం ఎక్కణ్నుంచి పుడుతుంది? ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ రెండు నుంచి అయిదేళ్ల పిల్లలకు రోజు మొత్తం మీద గంటకు మించి తెర వద్దంటుంది. మీ పాప ఒక్క పూట భోజనంతోనే ఆ గంట వాడేస్తోంది.

ఆదివారం మధ్యాహ్నంతో మొదలుపెట్టండి. అందరూ ఇంట్లో ఉంటారు, స్కూల్ హడావిడి లేదు. ఫోన్లన్నీ, మీ వారిదీ మామయ్య గారిదీ కూడా, పడగ్గదిలో పెట్టేయండి. టీవీ కట్టేయండి. అందరూ కలిసి కూర్చోండి, పాపకు వేరే చిన్న పళ్లెం. నాలుగు చెంచాల అన్నం, రెండు చెంచాల పప్పు, కాస్త నెయ్యి, కూర ముక్కలు రెండు, ఒక పక్కన పెరుగు. కావాలంటే మళ్లీ వడ్డించుకోవచ్చు. పెద్ద కుప్ప చూస్తే పెద్దవాళ్లకే భయం వేస్తుంది. ఆ తర్వాత పాప వైపు చూడకండి. మీరు మాట్లాడుకుంటూ తినండి. ఫోన్ కోసం ఏడుస్తుంది. 'అన్నం తినేటప్పుడు ఫోన్ లేదమ్మా' అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. రెండు ముద్దలు తిని లేస్తానంటే లేవనివ్వండి. తినకుండానే లేచినా సరే. అరగంట దాటితే పళ్లెం తీసేయండి, ముఖం మాడ్చుకోకుండా తీసేయాలి, అదే కష్టం. ఆ తర్వాత నాలుగింటి దాకా ఏమీ ఇవ్వకండి. నాలుగింటికి ఇచ్చేది మాత్రం కడుపునిండా ఇవ్వండి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల ఒక పూట తక్కువ తింటే ఏమీ కాదు.

అమెరికాలో ఎలిన్ సాటర్ అనే పోషకాహార నిపుణురాలు దీన్నే పని పంపకంగా చెప్పింది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి, ఇవి పెద్దవాళ్ల పని. తినాలా వద్దా, ఎంత తినాలి, ఇవి పిల్లల పని. మన ఇళ్లలో సరిగ్గా తిరగబడి జరుగుతుంది. ఏం కావాలో పిల్లని అడుగుతాం ('ఏం చేయను బంగారం, దోసె వేయనా?'), ఎంత తినాలో మనం తేలుస్తాం ('ఇంకొక్క ముద్ద, నాన్న ముద్ద, తాత ముద్ద'). తాత ముద్ద అయ్యాక బామ్మ ముద్ద, ఆ తర్వాత పక్కింటి అంకుల్ ముద్ద. నిండిన కడుపు మాట వినొద్దని పిల్లకు మనమే నేర్పుతున్నట్టు. గోరుముద్దలు తినిపించొద్దని నేననడం లేదు. ఆ ముద్దలో ఉండే ప్రేమ పాపకు కావాలి. మొదట తన చేత్తో తిననివ్వండి, చివర్లో కావాలని వస్తే రెండు ముద్దలు పెట్టండి. కింద పడేసుకుంటుంది, బట్టలు పాడు చేసుకుంటుంది. పాత పంచె ఒకటి కింద పరవండి.

'కూర తింటే చాక్లెట్ ఇస్తా' అనే బేరం కూడా మానండి. దాంతో కూర అనేది ఓర్చుకోవాల్సిన కష్టమనీ, చాక్లెట్ దానికి దక్కే బహుమానమనీ పాపకు మనమే చెప్తున్నాం. చాక్లెట్ ఇవ్వాలనుకున్న రోజు ఊరికే ఇచ్చేయండి, కూరతో ముడి పెట్టకుండా. బూచోడు, పోలీసు, ఇంజెక్షన్ డాక్టర్ కూడా భోజనం దగ్గరకు రానక్కర్లేదు.

మిక్సీ మానేయాలి. అన్నం, పప్పు, కూర కలిపి రుబ్బితే అన్నీ ఒకే రంగు, ఒకే రుచి. పాపకు పళ్లన్నీ వచ్చాయి, నమలడమే అలవాటు తప్పింది. బుగ్గన పెట్టుకోవడానికి ఫోన్ ఒక కారణమైతే ఇది రెండోది. ఒక్కసారిగా గట్టి అన్నం పెడితే ఇబ్బంది పడుతుంది కాబట్టి ముందు వారం మిక్సీ బదులు గరిటెతో, ఆ తర్వాత చేత్తో మెదపండి. ఆ తర్వాత మామూలు అన్నమే. మధ్యలో చేతికి ఇచ్చే తిండి పెంచండి: ఇడ్లీ ముక్కలు, పెసరట్టు చుట్ట, ఉడికించిన చిలగడదుంప, మెత్తటి జామ చెక్క. పళ్లకు పని ఉండాలి.

కూరగాయల దగ్గర మాత్రం ఓపిక పట్టాలి. రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలు కొత్త తిండిని అనుమానంగా చూడటం సహజం. చేదుగా, ఆకుపచ్చగా ఉన్నదాన్ని మరీనూ. ఒకే కూర ఎనిమిది పదిసార్లు, కొన్నయితే పదిహేను సార్లు పళ్లెంలో కనిపిస్తే గానీ నోట్లోకి పోదు. మనం మూడోసారికే 'దీనికి బెండకాయ పడదు' అని తీర్పు చెప్పేస్తాం. బెండకాయతోనే చెప్తాను. మొదటిరోజు మార్కెట్ నుంచి తెచ్చిన బెండకాయలు పాప ముందు పోసి చివర్లు తుంచమనండి. చిటుక్కున విరిగేది ఒక గిన్నెలో, ముదురుది ఇంకో గిన్నెలో. ఆ రోజు తినమని అనకండి. ఇంకో రోజు జిగురు లేకుండా బాగా వేయించి, కారం వేయకముందే నాలుగు ముక్కలు తీసి పళ్లెం అంచున పెట్టండి. ఏరి పక్కన పెడుతుంది, పెట్టనివ్వండి. ఏమీ అనకండి, 'ఒక్కటి రుచి చూడు' అని కూడా. రెండు మూడు రోజులు ఆగి మళ్లీ పెట్టండి. ఒకరోజు వాసన చూస్తుంది, ఇంకోరోజు నాకి పెట్టేస్తుంది. నోట్లో పెట్టుకుని ఉమ్మేసిన రోజు కూడా లెక్కలోకి వచ్చినట్టే. తిన్నరోజు చప్పట్లు కొట్టకండి. మామూలు విషయంలా చూడండి, అది మామూలు విషయమే కాబట్టి. ఆ పళ్లెంలో తనకు బాగా ఇష్టమైనది ఒకటి ఎప్పుడూ ఉండేలా చూసుకోండి, లేకపోతే మొత్తం పళ్లెం మీదే అలుగుతుంది.

ఇక్కడ మీ వారి పాత్ర ఉంది. ముక్క ఏరి పక్కన పెట్టడం పాప ఎక్కడ నేర్చుకుందో మీరే రాశారు. నాన్న పళ్లెం అంచున కుప్పగా పడి ఉన్న ముక్కల ముందు మీరెన్ని కబుర్లు చెప్పినా పనిచేయవు. ఆయనకు కూరలంటే అసలు పడకపోతే కనీసం పాప చూస్తుండగా ఏరొద్దని చెప్పండి. ఈ ఉత్తరం ఆయనకు చూపించినా నాకు అభ్యంతరం లేదు.

గుంటూరు వైపు కారం సంగతి తెలిసిందే. పాపకు విడిగా వంట అక్కర్లేదు. తోటకూర పప్పో, మునగాకు పప్పో ఉడికాక పచ్చిమిర్చి, కారం వేయకముందు రెండు గరిటెలు తీసి ఉంచి, చిటికెడు ఉప్పు, చెంచా నెయ్యి, రెండు చుక్కల నిమ్మరసం వేస్తే చాలు. నిమ్మరసం రుచికే కాదు, ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టడానికి కూడా. భోజనం తర్వాత జామ ముక్క పెట్టినా అదే మేలు. మాంసాహారులైతే కోడికూర మెత్తగా ఉడికించి చిన్న ముక్కలు చేసి వారానికి రెండుసార్లు పెట్టండి, లివర్ అప్పుడప్పుడూ కొద్దిగా. మాంసంలోని ఇనుము ఆకుకూరలో దానికన్నా తేలిగ్గా పడుతుంది. టీ మాత్రం ఇంట్లో ఎవరు తాగుతున్నా పాపకు ఒక్క గుక్క కూడా వద్దు, అది ఇనుమును అడ్డుకుంటుంది. వట్టి చారన్నం, మజ్జిగన్నంతో రోజు గడిపేయడం కూడా మంచిది కాదు. చిన్న పొట్ట నీళ్లతో నిండిపోతుంది. పప్పుతో మొదలుపెట్టి పెరుగుతో ముగించండి, చారు ఎప్పుడైనా సరదాకి.

స్కూల్ బాక్స్ వెనక్కి రావడం చూసి కంగారు పడకండి. అక్కడ పదిహేను, ఇరవై నిమిషాల్లో, పక్కన గోల మధ్య, తనంతట తానే తినాలి. ఇంట్లో ఒకరు తినిపిస్తే తప్ప తినని పిల్ల అక్కడ బాక్స్ మూత కూడా తీయదు. ముందు ఆ మూత తీయడం ఇంట్లో నేర్పండి. కలిపిన అన్నం గట్టిపడి ముద్దవుతుంది, అందుకని మొదట్లో చేత్తో పట్టుకుని తినేవే పెట్టండి. చిన్న ఊతప్పాలు, కూర చుట్టిన చపాతీ, గుడ్డు అట్టు ముక్కలు, కారెట్ తురిమి వేసిన ఇడ్లీ. స్నాక్స్‌కి బిస్కెట్ల బదులు అరటిపండు, మెదిపిన గుగ్గిళ్లు, మెత్తటి నువ్వుల ఉండ. ఒక జాగ్రత్త: గుండు పల్లీలు, గుండు శనగలు, గట్టి పల్లీపట్టి, కోయని ద్రాక్ష ఈ వయసులో గొంతుకు అడ్డం పడతాయి. పల్లీలు పొడి చేసి, ద్రాక్ష నిలువుగా నాలుగు ముక్కలు కోసి ఇవ్వండి. ఏదైనా కూర్చునే తినాలి, పరిగెడుతూ కాదు.

ఇప్పుడు పెద్దవాళ్లు. కోడలు వచ్చి 'పాలు తగ్గిస్తున్నాను, చిప్స్ తేవొద్దు' అంటే ఏ ఇంట్లోనైనా రగడే. మీ అత్తయ్య గారి కాలంలో బిడ్డ చిక్కితే నిజంగానే భయపడాలి, ఒక విరేచనాల జబ్బో తట్టో వస్తే తట్టుకునేందుకు ఒంట్లో కాస్త కండ ఉండాలనేది వాళ్లు చూసి తెలుసుకున్న సంగతి. ఆ భయాన్ని తీసిపారేయకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆవిడను వెంట తీసుకెళ్లండి. బరువు గీత, హిమోగ్లోబిన్ అంకె ఆవిడకే చూపించి చెప్పమనండి. మీరు చెప్తే అది మీ మాట, డాక్టర్ చెప్తే మందు. ఆ తర్వాత ఆవిడకు ఒక పని అప్పగించండి, నాలుగింటి చిరుతిండి పూర్తిగా ఆవిడ చేతిలో పెట్టండి. సున్నుండలు, రాగి జావ, ఉడికించిన అలసందలు, అటుకుల ఉప్మా. మీకన్నా బాగా చేస్తారు, పైగా పాప తింటుంటే ఆ తృప్తి ఆవిడది. వందగ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది కాబట్టి పాలు తగ్గాయన్న బెంగ కూడా తీరుతుంది. మామయ్య గారికి మనవరాలి కోసం ఏదో ఒకటి తేవాలని ఉంటుంది, ఆ సరదా పోగొట్టొద్దు. 'మామయ్య గారూ, చిప్స్ బదులు జామకాయలు, సపోటాలు తెస్తారా, మీరు తెస్తేనే తింటుంది' అని అడగండి. ఆదివారం రైతు బజారుకు పాపను ఆయన వెంటే పంపండి. తాత చెయ్యి పట్టుకుని తను ఏరిన టమాటాకు ఉన్న విలువ మీరు కొన్నదానికి ఉండదు.

ఆకలి సిరప్ వద్దు. అలాంటి చాలా సిరప్‌లలో ఉండేది సైప్రోహెప్టడిన్, అది అసలు అలర్జీకి వాడే మందు. ఆకలి పెంచుతుంది, దానితోపాటు మత్తు, నిద్రమబ్బు తెస్తుంది. ఆపేశాక ఆకలి మళ్లీ మొదటికొస్తుంది. ఏదైనా ప్రత్యేక కారణంతో డాక్టర్ చూసి రాస్తే అది వేరు. తోడికోడలి ఇంట్లో మిగిలిన సీసా మాత్రం ముట్టుకోవద్దు. ఇనుము సిరప్ కూడా పరీక్ష చేయించి, మోతాదు అడిగి వాడాల్సిందే.

ఆర్నెల్లు గడిచినా బరువు కదలకపోయినా, తగ్గినా, మింగేటప్పుడు దగ్గు, ఉక్కిరిబిక్కిరి అవుతున్నా, తరచూ వాంతులో విరేచనాలో ఉన్నా, అరచేతులు పాలిపోయి కాస్త ఆడగానే ఆయాసపడుతున్నా ఈ చిట్కాలు పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించండి. రోజూ అవే నాలుగైదు పదార్థాలు తప్ప ఇంకేదీ ముట్టని పిల్లలు, రంగు మారినా బ్రాండు మారినా ఏడ్చేసే పిల్లలు కొందరుంటారు. పాప అలా ఉంటే అదీ చెప్పండి, అది మొండితనం కాకపోవచ్చు.

నులిపురుగుల మాత్ర వేయించండి. కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం కింద ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో స్కూళ్లు, అంగన్‌వాడీల్లో ఇస్తారు. ఇచ్చేది ఆల్బెండజోల్, రెండేళ్లు నిండినవాళ్లకు 400 మిల్లీగ్రాముల మాత్ర, ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు అందులో సగం. చప్పరించి నమిలి మింగాలి, పిల్ల నమలలేకపోతే పొడి చేసి నీళ్లతో ఇవ్వమని టీచర్‌కి చెప్పండి. కడుపులో పురుగులు ఎక్కువగా ఉన్న పిల్లలకు ఆ రోజు కాస్త వికారం, కడుపునొప్పి రావచ్చు, కాసేపటికి తగ్గిపోతుంది. అత్తయ్య గారి భయం బహుశా అలాంటిదేదో విని పుట్టి ఉంటుంది. ఆ రోజు పాపకు జ్వరంగా ఉంటే ఇప్పించకండి. అప్పుడు వేసుకోలేకపోయిన పిల్లలకు కొద్ది రోజుల తర్వాత మళ్లీ ఒకరోజు ఇస్తారు, ఆ తేదీ స్కూల్లో కనుక్కోండి.